నాలుగో గడిలో ‘నిల్’

మా బావను కాలేజీలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఎదురుగా ‘ల్యాబ్ సార్’ అంటారు, వెనకాల ‘మెయిన్ స్విచ్చి’ అంటారు. వెనకాల అనే మాట ఆయనకు తెలుసు. కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా. ముప్పై ఒక్క ఏళ్లుగా కంప్యూటర్ ల్యాబులో అసిస్టెంటుగా ఉంటూ, రోజూ సాయంత్రం అయిదింటికి గోడ మీది మెయిన్ స్విచ్చిని కిందికి లాగే మనిషికి అంతకన్నా బిరుదు ఎవరిస్తారు?

ఆ లాగడం కూడా ఊరికే కాదు. అయిదుకు పావుగంట ముందే మొదలుపెడతాడు. నలభై కంప్యూటర్లు, పన్నెండు ఫ్యాన్లు, రెండు ప్రింటర్లు, ఒక ఏసీ. ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లి ఆపి, చేత్తో తాకి, చల్లబడుతోందో లేదో చూసి, అప్పుడు మెయిన్ లాగుతాడు. తరువాత బల్ల సొరుగులోంచి పొడుగాటి రిజిస్టరు తీస్తాడు. అందులో నాలుగు గడులు: తేదీ, టైము, ఆపినవి, మరచినవి. నాలుగో గడిలో రోజూ ఒకే మాట, నిల్. నిండిపోయిన రిజిస్టర్లన్నీ ఎదుటి గదిలో, అంటే నా లైబ్రరీలో, అట్టడుగు అరలో ఉంటాయి. వాటికి నంబర్లు వేసి దుమ్ము దులిపేది నేనే కాబట్టి చెబుతున్నాను, మొన్నమొన్నటి దాకా ఆ గడి ఇంకో మాట చూసిన పాపాన పోలేదు.

నేను ఆయన మరదలిని. ఆయన ఉద్యోగంలో చేరిన ఏడే, నాకు పదిహేనేళ్లప్పుడు, చదువుకని అక్కావాళ్లింటికి వచ్చాను. చదువు సగంలో ఆగింది గానీ నేను మాత్రం ఉండిపోయాను. పెళ్లి ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు అడిగి అడిగి అలిసిపోయారు. బావ చెప్పించిన మాటతోనే ఈ లైబ్రరీ ఉద్యోగం దొరికిందని అక్క వారానికోసారి గుర్తుచేస్తుంది. నిజమే, కాదనను. జీతంలో సగం ఆ ఇంట్లోనే పెడుతున్నానని మాత్రం నేను ఎవరికీ గుర్తుచెయ్యను.

ఇంట్లో బావ ఇంకా ఘోరం. మనం గదిలోంచి ఒక కాలు బయట పెడితే చాలు, రెండో కాలు రాకముందే లైటు ఆరిపోతుంది. “లోపల ఉన్నాను మహానుభావా” అని అక్క స్నానాల గదిలోంచి కేకెయ్యని రోజు లేదు. ఫ్రిజ్ తలుపు వేశాక లోపలి బల్బు నిజంగా ఆరుతోందా లేదా అని ఏడాది పాటు అనుమానపడి, చివరికి ఫోనులో వీడియో మొదలుపెట్టి, ఆ ఫోను ఫ్రిజ్‌లో పెట్టి తలుపు మూసి తేల్చుకున్న మనిషి. ఆరుతోందని తెలిశాకే ఆ రోజు స్థిమితపడ్డాడు.

ఇలాంటి మనిషికి పోయిన ఏడాది పీకల మీదికి వచ్చింది.

కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. వస్తూనే కాలేజీకి క్లౌడ్ ఖాతా తెప్పించాడు. క్లౌడ్ అంటే మరేం లేదు, ఎక్కడో ఒక పెద్ద కంపెనీవాడి భవనంలో ఉన్న కంప్యూటర్ని మనం ఇక్కడి తెర మీంచి అద్దెకు వాడుకోవడం. దానికో ప్రారంభోత్సవం కూడా చేశారు. ప్రిన్సిపాల్ గారు కోటు తొడుక్కుని అందరి ముందూ మౌసుతో ఒక బటన్ నొక్కారు. మేం చప్పట్లు కొట్టాం. ఫోటో తీశారు. ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి, ల్యాబుకీ లైబ్రరీకీ మధ్య కారిడారులో తగిలించారు. ఆ బటన్ నొక్కితే ఏం మొదలైందో ఎవరూ అడగలేదు. చప్పట్లు కొట్టేశాక అడిగితే బాగుండదు కదా.

ఆ తరువాత ఒక ఆర్డరు వచ్చింది. వచ్చే ఏడాది లోపల క్లౌడ్ సర్టిఫికెట్ తెచ్చుకోని ల్యాబ్ సిబ్బందిని స్టోర్ రూముకి మారుస్తారు, ల్యాబుని బయటి ఏజెన్సీకి అప్పగిస్తారు. స్టోర్ రూమంటే గేటు పక్కన విరిగిన కుర్చీలు పడేసే కొట్టు. బావకి రిటైర్మెంటు ఇంకో రెండేళ్లుంది.

“జీతం తగ్గదు కదండీ. హాయిగా కూర్చోండి ఆ కొట్లో” అంది అక్క.

బావ అన్నం ముందునుంచి సగంలో లేచాడు. “మరి ఆ ల్యాబుని సాయంత్రం ఎవరాపుతారే?” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను. అంత చిన్నబోయిన మొహం నేనెప్పుడూ చూడలేదు. ఆ ల్యాబు పోతే ఈయన మనిషిగా మిగలడని నాకు ఆ క్షణంలోనే అర్థమైంది.

సర్టిఫికెట్ కోర్సు మా కాలేజీలోనే పెట్టారు, నాలుగు నెలలది. సిబ్బందికి ఉచితం, కాకపోతే అంతస్తుకి ఒకటే సీటు. అసలు సంగతేమిటంటే, మా అంతస్తులో దరఖాస్తు ముందుగా తెచ్చుకున్నది నేను. సగంలో ఆగిన చదువు కదా, ఏదో ఆశ. ఫోటో కూడా అంటించి పెట్టుకున్నాను. ఆర్డరు సంగతి తెలిసిన మర్నాడు ఆ ఫోటో పీకేసి, ఆ చోటే బావ ఫోటో అంటించాను. జిగురు కూడా నాదే.

“నీకెందుకులే చిన్నమ్మాయ్ ఈ తలనొప్పి” అన్నాడు బావ, దరఖాస్తు అందుకుంటూ. నలభై ఆరేళ్లు వచ్చినా ఆ ఇంట్లో నేను చిన్నమ్మాయినే. ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ అనలేదాయన. ఒళ్లు మండింది గానీ ఊరుకున్నాను.

పాఠం చెప్పే టీచరమ్మకు ఇరవై నాలుగేళ్లుంటాయి. మూడేళ్ల కిందట ఇదే ల్యాబులో చదువుకుంది. అప్పట్లో ఒకరోజు తెర ఆపకుండా వెళ్లిపోతుంటే, బావ ఆమెను గేటు దాకా వెళ్లి వెనక్కి పిలుచుకొచ్చి మరీ ఆపించాడు. ఇప్పుడు ఆవిడ బోర్డు దగ్గర, ఈయన ముందు బెంచీలో. ఈయన “మేడం” అంటాడు, ఆవిడ “సార్” అంటుంది. ఇద్దరికీ ఇబ్బందే.

మొదటి క్లాసు రోజు మధ్యాహ్నం బావ లైబ్రరీకి వచ్చాడు.

“చిన్నమ్మాయ్, నీ బ్యాంకు కార్డొకసారి ఇస్తావా?”

“ఎందుకు?”

“స్టూడెంటు ఖాతా తెరవాలి. ఉచితమే. అసలు మనిషో కాదో చూసుకోడానికి కార్డు నంబరడుగుతారట. ఒక్క పైసా తియ్యరట.”

“మీ కార్డేమైంది?”

“నాకు కార్డెక్కడిది? కార్డంటూ ఉంటే ఖర్చవుతుంది.”

కార్డు తీసి ఇచ్చాను.

ఆ మాటకొస్తే బావ మంచి విద్యార్థి. స్టూడెంట్లకి కంపెనీవాళ్లు కొంత ఉచిత సొమ్ము రాసిస్తారు, అది ఉన్నంతకాలం అద్దె ఆ లెక్కలోంచి పోతుంది. బావకి ఉచిత సొమ్ము కూడా సొమ్మే. రోజూ సాయంత్రం మెయిన్ లాగాక, ఫోను తీసి తన క్లౌడ్ మెషినుని కూడా ఆపేసేవాడు. రిజిస్టరులో మూడో గడిలో ‘పైనున్నది ఒకటి’ అని అదనంగా రాసేవాడు. రాసేటప్పుడు ఒకసారి సీలింగు వైపు చూసేవాడు కూడా. నాలుగో గడిలో యథాప్రకారం నిల్.

కోర్సు చివర ఒక ప్రాజెక్టు రాసి, ప్రిన్సిపాల్ ముందు వివరించాలి. టీచరమ్మ బావకి ఇచ్చిన అంశం, ‘క్లౌడ్ ఖాతాలో ఖర్చును ఎలా అదుపు చెయ్యాలి’. ఆ అమ్మాయి కావాలనే ఇచ్చిందనుకుంటాను, పెద్దాయన ఒడ్డున పడాలని. బావ పొంగిపోయాడు. ఇరవై పేజీలు రాశాడు. తన రిజిస్టరు పద్ధతంతా అందులో పెట్టాడు. చివరి పేజీలో, కింద గీత గీసి మరీ ఒక వాక్యం రాశాడు: ‘ఈ ఖాతా వల్ల ఎవరికీ ఏ ఖర్చూ కాలేదు. మొత్తం ఖర్చు: సున్నా.’

శుక్రవారం ప్రాజెక్టు చెప్పాలి. మంగళవారం పొద్దున్న, నేను లైబ్రరీలో పత్రికలకు ముద్రలు కొడుతుంటే ఫోను మోగింది. బ్యాంకు నుంచి మెసేజీ. క్లౌడ్ కంపెనీ పేరున నా కార్డులోంచి ముప్పై ఎనిమిది వేల చిల్లర పోయింది. నా నెలన్నర జీతం. వెనక్కి వెళ్లి చూస్తే అంతకుముందు నెల కూడా చిన్న మొత్తం ఒకటి పోయింది. అప్పట్లో అక్క ఏదో కొనుక్కుందనుకుని పట్టించుకోలేదు. నా తెలివికి నన్నే నాలుగు తిట్టుకుని, చేతిలో ముద్ర అలాగే పట్టుకుని ల్యాబులోకి వెళ్లాను.

బావ మెసేజీ చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివాడు.

“తప్పు లెక్క” అన్నాడు. “నేను రోజూ ఆపాను. రిజిస్టరు చూడు.”

“రిజిస్టరు నేనేం చేసుకోను బావా? డబ్బులు పోయింది నా కార్డులోంచి.”

“వస్తాయిలే. కంపెనీవాళ్ల పొరపాటిది. శుక్రవారం దాకా కాస్త ఓపికపట్టు. ఇది ఇచ్చేసి సర్టిఫికెట్ చేతికొచ్చాక వాళ్ల సంగతి తేలుద్దాం.”

‘ఇది’ అంటూ ప్రాజెక్టు మీద చెయ్యి వేశాడు. చివరి పేజీ పైకి కనబడుతోంది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

“ఎవరికీ ఏ ఖర్చూ కాలేదని రాశారు కదా. మరి నేనెవర్ని బావా?”

ఈ ప్రశ్న ఆయన్నెవరూ అడగలేదు. నేను కూడా ముప్పై ఒక్క ఏళ్లలో అడగలేదు. అడిగినందుకు నాకే కాస్త భయమేసింది.

“సున్నా నిజం కాదని తెలిస్తే ల్యాబు పోతుందే” అన్నాడు, చాలా నెమ్మదిగా.

“తెలుసు. ముందు ఇదెక్కడిదో కనుక్కుందాం పదండి.”

బిల్లు ఆరు పేజీలు వచ్చింది. ప్రింటరు ఆన్ చేసింది నేను, ఆపింది ఆయన. అందులో మాటలు నాకు సగం తెలియవు. కానీ ఇరవై ఏళ్లుగా కేటలాగులతో కుస్తీ పడుతున్నదాన్ని, గడులు చదవడం తెలుసు. ఒక గడిలో ఊరి పేరుంది. కంపెనీకి చాలా ఊళ్లలో భవనాలున్నాయట, ఎవరి మెషిను ఏ ఊరి భవనంలో ఉందో అక్కడ రాస్తారు.

“బావా, మీ మెషిను ఏ ఊళ్లో ఉంది?”

చెప్పాడు. మా ఊరికి దగ్గరదే.

“ఇందులో ఉన్నది వేరే ఊరు.”

“అక్కడ నాకేమీ లేదు. చూడు కావాలంటే.” తెర తిప్పి చూపించాడు. జాబితాలో ఒకటే మెషిను, ఆపేసి ఉంది.

లైబ్రరీలో ఒక పుస్తకం కనబడలేదంటే, నూటికి తొంభై సార్లు అది పోయి ఉండదు. వేరే అరలో ఉంటుంది. తెర పైన కుడి మూలలో ఊరి పేరు కనిపించింది. దాని మీద నొక్కి, బిల్లులో ఉన్న ఊరిని ఎంచమన్నాను. బావ నొక్కాడు. జాబితా మారింది. ఒక మెషిను వచ్చింది, పక్కన పచ్చ చుక్కతో. నడుస్తోంది. నూట పదిహేడు రోజులుగా నడుస్తోంది.

బావ తెర దగ్గరికి వంగి ఆ చుక్కను వేలితో తాకాడు.

“మొదటి క్లాసు రోజు” అన్నాడు. “ముందు ఏదో దూరపు ఊరు వచ్చింది. సైజు కూడా పెద్దది ముందే టిక్కు పెట్టి ఉంది. చూసుకోకుండా నొక్కేశా. మేడం ఊరు మార్చమంది, మార్చా. మార్చగానే అది కనబడకుండా పోయింది. పోయిందంటే రద్దయిపోయిందనుకున్నా.”

కనబడకపోతే లేదనుకున్నాడు. గది తలుపు వేస్తే లోపలి లైటు ఆరిపోయిందనుకున్నాడన్నమాట, అదీ ఫ్రిజ్‌లో ఫోను పెట్టిన మనిషి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. మొదటి డెబ్బై రోజులూ దాని అద్దెను ఉచిత సొమ్ము మోసింది. ఆ తరువాతి నలభై ఏడు రోజులూ నేను మోశాను.

“డెబ్బయ్యో రోజున ఏమీ చెప్పలేదా వాళ్లు?”

“ఒక పెట్టెలాంటిది వచ్చింది. మీ ఉచిత సొమ్ము అయిపోయింది, కొనసాగించాలా అని. గడువు తీరి ఉంటుందనుకున్నా. కాదంటే ప్రాజెక్టు మధ్యలో ఆగిపోతుందని...”

“జీవితంలో ఒక్కసారి కొనసాగించారు” అన్నాను. ఆయన తిట్టు తిన్నట్టు తల దించుకున్నాడు. నాకు పాపమనిపించింది, అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ తరువాత స్టూడెంటు మెయిల్ తెరిచాం. కంపెనీ నుంచి నాలుగు హెచ్చరికలు ఉన్నాయి. సగం అయిపోయింది, ముప్పావు అయిపోయింది, అంతా అయిపోయింది, ఇక కార్డులోంచి తీస్తాం. నాలుగూ మర్యాదగా రాసి, టైముకి పంపారు. ఒక్కటీ తెరవలేదు.

“ఫోనులో ఆ గంటలు నేనే ఆపేశాను” అన్నాడు బావ. “అస్తమానం మోగుతుంటే బ్యాటరీ దండగని.”

ఈ మనిషి లోకంలో ఉన్నవన్నీ ఆపాడు. ఆపకూడని ఒక్క గంటను కూడా ఆపాడు. ఆపాల్సినదాన్ని మాత్రం నడవనిచ్చాడు.

పచ్చ చుక్క మీద నొక్కి ఆపేశాడు. అప్పటికే నేను సహాయం పేజీ చదువుతున్నాను. “ఆపితే చాలదట బావా. తీసేయాలి. ఆపినా దాని డిస్కుకి అద్దె పడుతుంది. ఇంటర్నెట్‌లో దానికిచ్చిన అడ్రసుకి కూడా.”

“ఆపేశాక కూడానా?”

“ఆపేశాక వాడకుండా అడ్రసు అట్టే పెట్టుకున్నందుకు కూడా డబ్బులు తీస్తారట.”

బావ కుర్చీలో వెనక్కి వాలాడు. ముప్పై ఒక్క ఏళ్ల నమ్మకం ఒక్క పూటలో పోయింది పాపం. ఆపడం వేరు, వదిలించుకోవడం వేరు అని ఈ వయసులో ఎవడో ముక్కూ మొహం తెలియని కంపెనీవాడు నేర్పాడు.

అన్నీ తీసేశాక కంపెనీకి అర్జీ పెట్టుకోవాలని తెలిసింది. స్టూడెంట్లు పొరపాటున చేసినదైతే ఒకసారికి సర్దుకుంటారట. రెండు ప్రశ్నలు అడిగారు: ఏం జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేశారు. రెండో దానికి బావ పది నిమిషాల్లో పేజీడు రాశాడు. మొదటి దాని దగ్గర బుధవారమంతా కూర్చున్నాడు. గురువారం మధ్యాహ్నానికి ఒక్క వాక్యం తయారైంది: ‘నేను ఒకటి ఆపడం మరిచాను.’ పంపించి, కాసేపు కారిడారులోకి వెళ్లి నిలబడ్డాడు.

మరి శుక్రవారం సంగతేమిటని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఇరవై పేజీల ప్రాజెక్టు బల్ల మీద అలాగే ఉంది, చివరి పేజీ మీద సున్నాతో సహా.

శుక్రవారం మూడింటికి ల్యాబులో మొత్తం ఎనిమిది మంది ఉన్నాం. కోర్సు విద్యార్థులు నలుగురు, టీచరమ్మ, ప్రిన్సిపాల్, బావ, వెనక కుర్చీలో నేను. ప్రాజెక్టు ప్రతులు దాచేది లైబ్రరీ కాబట్టి నేను ఉండొచ్చు. ఉండకపోయినా వచ్చేదాన్నే.

బావ లేచి ప్రాజెక్టు తెరిచాడు. మొదటి పేజీ కాదు, చివరిది. జేబులోంచి పెన్ను తీసి, అందరూ చూస్తుండగా ఆ వాక్యం కొట్టేశాడు.

“సార్, ఇందులో సున్నా అని రాశాను. సున్నా కాదు. ముప్పై ఎనిమిది వేల చిల్లరయింది. నేను ఒకటి ఆపడం మరిచాను. ఎవరికీ ఖర్చు కాలేదని కూడా రాశాను. అదీ అబద్ధం. మా మరదలికయింది. ఆవిడ అదిగో, వెనక కూర్చుంది.”

నలుగురు విద్యార్థులూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపమే అని సరిపెట్టుకున్నాను.

ప్రిన్సిపాల్ చిన్నగా నవ్వాడు. “చూశావా అమ్మా” అన్నాడు టీచరమ్మతో. “ముప్పై ఏళ్లు స్విచ్చులు ఆపిన మనిషే నాలుగు నెలలు ఒకటి మరిచిపోయాడు. అందుకే ల్యాబు ఏజెన్సీకి ఇచ్చేద్దామన్నాను. ఈ వయసులో వీళ్లకెక్కడ వస్తాయి ఇవన్నీ. ఇక ఆపేద్దామా?”

ల్యాబు పోయిందనే అనుకున్నాను.

“ప్రాజెక్టు ఇంకా అవ్వలేదు సార్” అంది టీచరమ్మ. “ఖర్చు ఎలా అదుపు చెయ్యాలో చేసి చూపించాలి. అది చూస్తేనే నేను మార్కులెయ్యగలను. ల్యాబ్ సార్, మీ పద్ధతి చూపించండి.”

“నా ఖాతాలో ఇంకేమీ లేదమ్మా... మేడం. అంతా తీసేశాను.”

“అయితే కాలేజీ ఖాతాలో చూపించండి” అని తన పాస్‌వర్డు కొట్టి, పెద్ద తెర మీద తెరిచింది.

బావ పద్ధతి చాలా మామూలుది. ఊళ్ల జాబితా ఒక కాగితం మీద రాసుకొచ్చాడు. పద్దెనిమిది ఊళ్లు. ఒక్కొక్క ఊరికీ వెళ్తాడు, ఏమైనా నడుస్తోందా చూస్తాడు, లేకపోతే టిక్కు పెడతాడు. మొదటి ఊరు, ఖాళీ. రెండోది, ఖాళీ. ప్రిన్సిపాల్ వాచీ చూసుకున్నాడు. ఆరు, ఏడు, ఎనిమిది. ఒక విద్యార్థి ఆవలించాడు. పదకొండో ఊరికి వచ్చేసరికి తెర మీద పచ్చ చుక్క ఒకటి వెలిగింది.

నాలుగు వందల మూడు రోజులుగా నడుస్తోంది. ఎవరూ దాన్ని వాడినట్టు లేదు. మొదలుపెట్టినవారి పేరున్న గడిలో ‘ప్రిన్సిపాల్, ప్రారంభోత్సవం’ అని ఉంది.

తెరిచి ఉన్న తలుపులోంచి కారిడారులో ఫోటో బాగా కనబడుతోంది. కోటు, మౌసు, వెనకాల చప్పట్లు కొడుతున్న మేము. ఆ రోజు ఆ బటనుతో ఏం మొదలైందో మొత్తానికి తెలిసింది.

“ఆపమంటారా సార్?” అన్నాడు బావ. ఆయన గొంతులో వెటకారం లేదు. నేను ప్రమాణం చేసి చెబుతాను, వెటకారం ఆయనకు రాదు. ఇంట్లో ఆ పని నాది.

ప్రిన్సిపాల్ మంచినీళ్లు తాగాడు. “ఆపండి.”

“ఆపితే చాలదు సార్. తీసేయాలి. డిస్కూ, అడ్రసూ కూడా.”

“తీసేయండి.”

బావ తీసేశాడు. సొరుగులోంచి రిజిస్టరు తెచ్చి, తేదీ వేసి, టైము వేసి, మూడో గడి నింపి, నాలుగో గడి దగ్గర పెన్ను ఆపి తలెత్తాడు. “ఇక్కడ ఎవరు మరిచారని రాయమంటారు సార్?”

“మీది మీరు రాసుకోండి” అని ప్రిన్సిపాల్ లేచాడు. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండా, “ల్యాబు సంగతి తరవాత చూద్దాంలెండి. ప్రస్తుతానికి మీరే ఉండండి” అన్నాడు. ఏజెన్సీ మాట మళ్లీ మా కాలేజీలో ఎవరి నోటా వినబడలేదు. మర్నాటికి కారిడారులో ఫోటో కూడా లేదు. గోడ మీద మేకు మాత్రం ఉంది.

టీచరమ్మ బావకి నూటికి డెబ్బై ఎనిమిది వేసింది. “ఇంకా వేసేదాన్నండీ, కానీ ఒకటి మరిచిపోయారు కదా సార్” అని నవ్వింది. మూడేళ్ల కిందటి గేటు దాకా నడిచిన బాకీ అలా తీరింది. రెండు వారాలకు కంపెనీవాళ్లు ముప్పావు వంతు సొమ్ము నా కార్డులో తిరిగి వేశారు. మిగిలిన పావు వంతూ బావ కవరులో పెట్టి నా బల్ల మీద పెట్టాడు. మళ్లీ ఇంట్లో ఒక కాలు బయట పెడితే లైట్లు ఆరిపోతున్నాయి, అక్క మళ్లీ కేకలేస్తోంది. నాకు మాత్రం ‘మా మరదలికయింది’ అన్న ఆ శుక్రవారం మాట చెవిలోంచి పోలేదు. అదొక్కటే చాలులే అనుకుని ఊరుకున్నాను.

ఏడాది చివర నిండిపోయిన రిజిస్టరు నా బల్ల మీదికి వచ్చింది, నంబరు వెయ్యడానికి. వెయ్యబోయి, ఆ శుక్రవారం పేజీ తీశాను. నాలుగో గడిలో ప్రిన్సిపాల్ ఊసే లేదు. బావ గుండ్రటి అక్షరాలు: ‘ఒకటి. నూట పదిహేడు రోజులు. మరచినది నేను. కట్టినది చిన్నమ్మాయ్.’ ఊరుకోక ఇంకా వెనక్కి తిప్పాను. ఆ నూట పదిహేడు రోజుల నిల్‌లనూ ఒక్కొక్కటే కొట్టేసి, పక్కన పొడి సంతకాలు చేశాడు.

చివరి పేజీకి వచ్చాను. నిన్నటి తేదీ. ఆపినవి, మామూలే. నాలుగో గడిలో నిల్ లేదు. ‘ఒకటి. చిన్నమ్మాయ్ సీటు’ అని ఉంది.

ఆ పేజీలో మడిచి పెట్టిన కాగితం ఒకటి దొరికింది. క్లౌడ్ కోర్సు కొత్త బ్యాచి దరఖాస్తు. నా పేరు, నా పుట్టిన తేదీ, నా ఉద్యోగం, అన్నీ బావ చేతిరాతే. ఫోటో కూడా అంటించి ఉంది. అది నేను ఏడాది కిందట పీకి పారేసిన ఫోటో, మూల కాస్త చిరిగింది. ఎక్కడ దాచాడో, ఎందుకు దాచాడో నాకు తెలియదు. అన్నిటికన్నా కింద, స్టూడెంటు ఖాతా కోసం ఎవరి కార్డు వాడతారని అడిగే గడి ఉంది. అందులో, నా తరఫున తనే, ‘మా బావది’ అని రాశాడు.

కార్డుంటే ఖర్చవుతుందని ముప్పై ఒక్క ఏళ్లు కార్డు పుచ్చుకోని మనిషి. నాకు ఏడుపొచ్చేసింది. ఈసారి కోపమని సరిపెట్టుకోలేదు.

అయిదయింది. ఎదుటి ల్యాబులో ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. మెయిన్ లాగిన చప్పుడయింది. ఆ తరువాత ఆయన మామూలుగా నా తలుపు దగ్గరికి వచ్చి, మామూలుగా లైబ్రరీ స్విచ్చి మీద చెయ్యి వేసి, ఎందుకో ఆగాడు.

“ఆపనా చిన్నమ్మాయ్, ఇంకా ఉంటావా?”

“ఉంటాను బావా” అన్నాను. “కాసేపు ఉంచండి.”